అప్ప చేతి పసుపు

మా అప్ప పోయిందన్న కబురు నాకు పలాస స్టేషను బయట తెలిసింది. మనవరాలికి టెక్కలి సంబంధం కుదుర్చుకుని తిరిగి వస్తున్నాను. నౌపడా దాకా చిన్న రైలు, అక్కడి నుంచి పెద్ద రైలు. దారి పొడుగునా నేను భయపడని సంగతి లేదు. దిగేలోపే రైలు కదిలిపోతుందేమోనని ఒక భయం. మూటలో వియ్యాలవారు పెట్టిన అరిసెలు నలిగిపోయాయేమోనని ఒక భయం. బండి రాకపోతే వజ్రపుకొత్తూరు దాటి మా ఊరి దాకా ఎలా నడవడమని ఒకటి, ఇంటి దగ్గర మా ముసలాయన మజ్జిగ తాగాడో లేదో అని ఇంకొకటి. బయటికి వచ్చేసరికి మా పెద్దబ్బాయి తలపాగా లేకుండా బండి పక్కన నిలబడి ఉన్నాడు.

"అమ్మా, దొడ్డమ్మ తెల్లారగట్ట పోయినాది" అన్నాడు.

అన్నిటికీ భయపడే నేను ఆ ఒక్కదానికి మాత్రం భయపడి ఉండలేదు. ఆమెకు చావు వస్తుందని నాకు ఎన్నడూ తోచలేదు.

అప్ప నా తోడబుట్టినది కాదు, నా తోడికోడలు. మా ఆయన అన్నగారి భార్య. మా వైపు అక్కను అప్ప అంటాం. కాపురానికి వచ్చిన రోజు నుంచి అలాగే పిలిచాను. చిన్న వయసులోనే ఆమె భర్త పోయాడు. పిల్లలు లేరు. మా వాళ్ళలో మారుమనువు తప్పు కాదు గనక పుట్టింటివారు తీసుకుపోదామని వచ్చారు. "నా కుండలన్నీ ఇక్కడున్నాయి, నానెక్కడికీ రాను" అని వాళ్ళకు అన్నం పెట్టి పంపేసింది.

పలకరించడానికి వచ్చినవాళ్ళు తలో మాట అన్నారు. గట్టి మనిషి అన్నారు. ఒకరి మాట వినే రకం కాదన్నారు. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "పోనీలే, ఇప్పుడైనా ఇంట్లో నీ మాట సెల్లుతాది" అని నన్ను ఓదార్చింది. అది పొగడ్త కాదని తెలియనంత అమాయకురాలిని కాను. ఈ నాలుగు మాటలు రాయడం అందుకే. నాది వీధిబడి గుమ్మం దగ్గర ఆగిపోయిన చదువు. ఒత్తులు తప్పుతాయి, అచ్చు వేసేవారు దిద్దుకోవాలి. విషయాన్ని మాత్రం దిద్దవద్దు. అవును, ఆమె గట్టి మనిషే. గట్టిది కాకపోయి ఉంటే ఇది రాయడానికి నేను మిగిలి ఉండేదాన్ని కాదు.

ఉద్దానంలో కాపురం చేసేవాళ్ళకు చెప్పనక్కర్లేదు, మిగిలినవాళ్ళ కోసం చెబుతాను. మాకు కొబ్బరికి లోటు లేదు, ఇసుకకు లోటు లేదు, గాలికి అసలే లోటు లేదు. ఆ గాలి సముద్రం మీద నుంచి వచ్చిందంటే ఉప్పునూ చెమ్మనూ కలిపి మోసుకొస్తుంది. పొద్దున గలగలమన్న ఎండుమిరపకాయ సాయంత్రానికి తోలుముక్క అయిపోతుంది. జీలకర్ర వాసన పోతుంది. పసుపుకొమ్ముకు బూజు పడుతుంది. అలాంటి చోట ఏడాదికి సరిపడా సంబారాలు నిలవ చేసుకోవడమంటే రోజూ ఆ గాలితో పోట్లాడడమే. మా ఇంట్లో ఆ పోట్లాట అప్పది.

ఇంటి నడిమధ్యన కిటికీ లేని గది ఒకటి ఉంది. దొంతుల గది అంటాం. నేల మీద మోకాలి ఎత్తున పొడి ఇసుక పోసి, అందులో కుదురుగా కుండల మీద కుండలు దొంతులు పెట్టి ఉంటాయి. ధనియాలు, ఆవాలు, మెంతులు, వాము, మిరియాలు, పిప్పళ్ళు, శొంఠి, ఎండుమిరప, అన్నిటికంటే అడుగున, అన్నిటికంటే లావు కుండల్లో పసుపుకొమ్ములు. ఒక కుండలో ఒకటే సరుకు. ఒక కుండలో ముంచిన కొబ్బరిచిప్ప ఇంకో కుండలో ముంచకూడదు. ఇంగువ ఆ గదిలోకే రాకూడదు. దాన్ని తోలు సంచిలో పెట్టి పెరటి పాకలో వేలాడదీసేది. "దాన్ని లోపలికి రానిత్తే అన్నిటి పేరూ అదే అయిపోతాది" అనేది.

పొద్దున లేస్తూనే పెరట్లో నిలబడి కొబ్బరి మట్టలకేసి చూసేది. మట్టలు ఇంటి వైపు తోసుకొస్తుంటే ఆ రోజు ఆ గది తలుపు తీయడం లేదు. పడమటి గాలి వేడిగా కొడుతుంటే తీసేది. "గాలి సూసి మూత తియ్యాలి" అనేది. చుట్టాలు వచ్చినా అంతే, పండగ వచ్చినా అంతే. వంటింట్లో పోపులపెట్టెలో ఏముంటే దానితో గడుపుకోవాలి. నాకు ప్రాణం మీదికి వచ్చేది. చారులో జీలకర్ర తక్కువైందని వచ్చినవాళ్ళు ఏమనుకుంటారో అని నేను తలుపు దగ్గర తచ్చాడుతుంటే, "అనుకోనీ. రేపు మళ్ళీ వస్తే రేపు ఏత్తాను" అనేది.

కరివేపాకు, వేపపువ్వు, తులసి అరుగు మీద నీడలో గుడ్డ పరిచి ఎండబెట్టేది. మిరపకాయలు, పసుపు నడి ఎండలో. ఆకు నీడలో ఎండాలి, కాయ ఎండలో ఎండాలి అనేది. నేను తొందరపడి ఒకసారి వేపపువ్వును ఎండలో పోశాను. మధ్యాహ్నానికి అది గడ్డిలా అయింది. ఆమె తిట్టలేదు. గుప్పెడు తీసి నా ముక్కు దగ్గర పెట్టి, "ఏటి వాసన?" అంది. ఏమీ లేదన్నాను. "అదీ సంగతి" అని ఆవులకు వేసేసింది.

కొనే దగ్గర ఇంకా పట్టుదల. కొండ సరుకు మందస సంతలోనే కొనాలి. కొండ దిగి వచ్చే సవరల దగ్గర పసుపు, పిప్పళ్ళు, చింతపండు. మిగిలినవి సోంపేట అంగట్లో. ఒకసారి సోంపేటలో షావుకారు జీలకర్ర కొలిచి ఇచ్చాడు. ఆమె అక్కడే అతని అరుగు మీద కూర్చుని చేట అడిగి తీసుకుని చెరగడం మొదలుపెట్టింది. బజారంతా చూస్తోంది. నేను సిగ్గుతో చచ్చిపోతున్నాను. చెరిగి, అడుగున మిగిలిన ఇసుకను దోసిట్లోకి తీసుకుని అతని ముందు పోసింది.

"ఇసక మా ఉద్దానంలో బోలెడున్నాది బాబూ. ఇది నీ దగ్గరే ఉంచు" అంది.

"ఏటమ్మా, బజార్లో నా పరువు తీత్తన్నావు" అన్నాడతను.

"పరువు నాను తియ్యనేదు. సేటలో నుంచి అదే రాలినాది."

ఆ తరువాత ఆమె వస్తోందంటే అతను లోపలి గోతాం విప్పేవాడు. మంచి సరుకు ఉందనీ, అడిగితే దొరుకుతుందనీ నాకు అప్పుడే తెలిసింది. అడగాలంతే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

చూపు మందగించాక మా అత్త దొంతుల గది తాళంచెవి అప్పకు ఇచ్చింది. అప్పటికి ఆమె భర్త ఉన్నాడు. రెండు మూడేళ్ళు బాగా జరిగింది. ఒక వానాకాలం జ్వరం వచ్చి ఆయన పోయాడు. కర్మ అయిపోయిన మర్నాడు మా ఆడపడుచు, అంటే మా ఆయనకు అక్కగారు, సోంపేట అత్తవారింటి నుంచి వచ్చి ఇక్కడే ఉన్న మనిషి, అప్ప ఎదురుగా వచ్చి నిలబడింది. ఆమె చెడ్డది కాదు. అన్న పోయాడు, ఇక మిగిలింది ఒక్క తమ్ముడు. ఆ తమ్ముడికి ఏమైనా అవుతుందేమోనని ఆమెకు వణుకు. ఆ వణుకు నాకు అర్థమవుతుంది. ఆ తమ్ముడే నా మొగుడు.

"వదినా, నీ మీద కోపం కాదు. అది పసుపున్న గది. బొట్టు నేని సెయ్యి పసుపు మీద పడితే ఇంట్లో మగోల్లకి మంచిది కాదు. తాళంసెవి ఇచ్చీ" అంది.

"మరి నానేటి ముట్టుకోవచ్చు?" అని అడిగింది అప్ప.

"సింతపండు ముట్టుకో. ఉప్పు ముట్టుకో."

"ఉప్పుకి నేని దోసం పసుపుకేటొచ్చినాదో" అంటూనే తాళంచెవి తీసి చాప మీద పెట్టింది. అత్త ఏమీ అనలేదు. ఆ తాళంచెవి తెచ్చి నా నడుముకు కట్టారు. నాకప్పుడు కడుపుతో నెలలు నిండుతున్నాయి. ముత్తయిదువను గనక అది నాకు. అది అక్కడ వేలాడుతున్నంతసేపూ, ఎవరి వస్తువునో దాచినట్టు, నాకు నిద్ర కూడా సరిగా పట్టేది కాదు. అప్ప వెనక వసారాలో ఒక మూల కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ ఉండేది. ఏడాది తిరిగేదాకా ఆమె గడప దాటకూడదు. ఆ ఏడాది గడిచినా ఆ గదిలోకి రాకూడదు. ఆమెకు ఉన్న లోకమంతా ఆ గదే. ఇంకేమీ లేదు.

గది పెత్తనం ఆడపడుచు చేసింది. కొత్త పసుపు కుండ తెరవడానికి పురోహితుణ్ణి అడిగి ముహూర్తం పెట్టించింది. చావు జరిగిన ఇల్లు గనక గదంతా శుద్ధి చేయాలంది. ఆ రోజు పొద్దుటి నుంచి తూర్పు గాలి ఈడ్చి కొడుతోంది. వసారాలో నుంచి అప్ప కేకేసింది.

"ఇయాల తియ్యకండి. మట్టలు సూడండి."

"ముహూర్తానికి మట్టల్తో పనేటి వదినా" అంది ఆడపడుచు.

ముహూర్తానికి పసుపు కుండ తీశారు. శుద్ధి అని మిగిలిన కుండలన్నీ కూడా మూతలు తీసి, ఒక్కొక్కదానికీ పసుపు రాసి బొట్లు పెట్టారు. ఊళ్ళో ముత్తయిదువలు ఒకరి తరువాత ఒకరు వచ్చి తాంబూలం తీసుకుని పోయేదాకా మూతలు పెట్టకూడదన్నారు. గది తలుపు బార్లా తీసి ఉంది. గాలి లోపలికి వచ్చి, తాంబూలానికి వచ్చినట్టే, అన్ని కుండలూ చూసి పోయింది. అప్ప వసారాలో కళ్ళు మూసుకుని కూర్చుంది. నేను ఆమె ముఖం చూడలేక వంటింట్లోకి వెళ్ళిపోయాను.

కొన్నాళ్ళకు నాకు పెద్దబ్బాయి పుట్టాడు. ఆ మూడో నాడు ఒళ్ళు పెనంలా కాలడం మొదలుపెట్టింది. మాకు ప్రసవమైన ఆడదానికి కాయం పెట్టడం ఉంది. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము, పసుపు నూరి బెల్లంతో ఉండ చేసి మింగిస్తారు. ఒంటికి పసుపు పట్టించి వేడినీళ్ళు పోస్తారు. మంత్రసాని కాయం సరుకు తెమ్మంది. తెచ్చారు. ఆమె ఒక్కొక్కటీ వాసన చూసి పక్కన పెట్టింది. శొంఠికి పురుగు. పిప్పళ్ళకు ముక్కిన వాసన. పసుపుకొమ్ము విరిస్తే లోపల నల్లగా బూజు.

"ఇది గొడ్డుకి కూడా పెట్టను. మంచిది తెండి, నేపోతే నన్నడక్కండి" అని చేతులు కడుక్కుంది.

అంత సరుకు ఉన్న ఇల్లు, అందులో ఒక బాలింతకు పెట్టడానికి గుప్పెడు మంచి శొంఠి లేదు. నేను మంచం మీద పడుకుని, ఈ పసివాణ్ణి ఎవరు పెంచుతారు అని లెక్కలు వేసుకుంటున్నాను. అప్పుడు అప్ప లేచిన చప్పుడు వినబడింది. వసారా మెట్టు దిగి, పెరట్లో పాలికాపును పిలిచి బండి కట్టమంది.

"ఏడాది తిరక్కుండా గడప దాటతావేటి వదినా. ఊరోల్లేటంటారు" అంది ఆడపడుచు.

"అది పోయినాక ఊరోల్లేటంటారో అది కూడా ఆలోసించు" అంది అప్ప. బండి ఎక్కి మందస పోయింది. మర్నాడు మధ్యాహ్నానికి ఒక మూటతో తిరిగి వచ్చింది. తలంతా దుమ్ము. ఎవరినీ అడగకుండా రాయి కడిగి నూరడం మొదలుపెట్టింది. ఆ వాసన గోడ దాటి నా మంచం దగ్గరికి వచ్చింది. మంచి శొంఠి వాసన ఎలా ఉంటుందో అప్పటికి మరిచిపోయాను. జ్వరంలో కూడా నోరు ఊరింది.

కాయం ఉండ, పసుపు గిన్నె పట్టుకుని ఆమె నా గది గుమ్మం దాకా వచ్చేసరికి ఆడపడుచు గుమ్మానికి అడ్డం నిలబడింది. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి.

"మందు మంత్రసాని సేతికియ్యి, పెడతాది. ఆ పసుపు మాత్రం నీ సేత్తో దాని ఒంటికి రాయకు వదినా. నా తమ్ముడి గతేటి?"

అప్ప, అరుగు మీద కూర్చుని ఉన్న మా ఆయన వైపు తిరిగింది. "ఏటి మరిదీ, రాయనా, వద్దా? నీ పానం గురించే మాట" అంది.

మా ఆయన ఎప్పుడూ నాలుగు మాటలు కలిపి మాట్లాడిన మనిషి కాదు. చుట్ట తీసి పక్కన పెట్టాడు. "పులుసులో నీ సేతి పసుపు రోజూ తిన్నాను. ఇప్పుడు కొత్తగా నన్నేటి సేత్తాది? రాయొదినా. దానికేటన్నా అయితే పిల్లోణ్ణి ఎత్తుకుని నానెక్కడ తిరుగుతాను" అన్నాడు.

ఆడపడుచు పక్కకు జరిగింది. అప్ప లోపలికి వచ్చి నా అరికాళ్ళ నుంచి మొదలుపెట్టింది. ఆ చేతులు గరుకుగా, వెచ్చగా ఉన్నాయి. వద్దని నేను అనలేదు. ఆయన మాట విన్నాక కూడా మనసులో ఒక మూల గుబులు ఉంది, అయినా అనలేదు. బతకాలని ఉంది.

మూడు నాలుగు రోజులకు జ్వరం దిగింది. ఆ సాయంత్రం అత్త తడుముకుంటూ నా మంచం దగ్గరికి వచ్చి, నా నడుము దగ్గరి తాళంచెవి తన చేత్తో విప్పి అప్పను పిలిచింది. చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. పడమటి గాలి వీచిన రోజు చూసి అప్ప కుండలన్నీ పెరట్లోకి మోయించి, ముక్కినది మురిగినది అంతా గోతిలో పోసి పూడ్చి, కుండలకు పొగ వేసి కొత్తగా దొంతులు కట్టింది. ఆడపడుచు సోంపేట బండి ఎక్కుతూ, "నా తమ్ముడికి ఏటన్నా అయితే ఈ ఇంటి గడప తొక్కను" అంది.

నా తమ్ముడికి అంటే నా మొగుడికి. ఆ మాట నా చెవిలో ఉండిపోయింది. ఆయన ఒళ్ళు వెచ్చబడితే భయం. గుమ్మం తగిలితే భయం. దగ్గితే చెప్పనక్కర్లేదు. ఒకరోజు అప్ప రోలు దగ్గర నుంచి తల ఎత్తి, "ఆడు దగ్గినప్పుడల్లా నా మొగం సూడకే. సుట్ట మాన్పించు, దగ్గు మానుతాది" అంది. నేను సిగ్గుపడి నవ్వేశాను. ఆయన చుట్టా మానలేదు, దగ్గూ మానలేదు, ఆయనా పోలేదు. డెబ్బై దాటి, ఇప్పుడు నేను ఇది రాస్తుంటే మజ్జిగలో అల్లం ఎక్కువైందని పక్కన సణుగుతున్నాడు. ఊళ్ళో ఎవరైనా నన్ను అడగవచ్చు. బొట్టు లేని చేతి పసుపు నలభై ఏళ్ళకు పైగా తిన్న మగమనిషి ఎలా ఉంటాడో వచ్చి చూడవచ్చు.

ఊరు కూడా వచ్చింది. ముందు దొడ్డిదారిన, తరువాత వీధి గుమ్మం నుంచి. ప్రసవమైన ఇంటి నుంచి కాయానికి, పిల్లాడికి కడుపునొప్పి అంటే వాముకు, పెళ్ళి ఇంటి నుంచి పసుపుకు. బెస్తవాడ నుంచి ఆడవాళ్ళు వచ్చి మిరియాలు తీసుకుని, మర్నాడు ఎండు చేపలు అరుగు మీద పెట్టి పోయేవారు. పెళ్ళి పసుపు మా ఇంట్లో నుంచి తీసుకుపోయేవాళ్ళే పెళ్ళిలో ఆమెను వెనక వరసలో కూర్చోబెట్టేవారు. నాకు ఒళ్ళు మండేది. పైకి అనడానికి మాత్రం ధైర్యం చాలేది కాదు. "ఏటప్పా, అలగ కూకోబెడితే ఊరుకుంటావు?" అంటే, "నా పసుపు ముందు వరసలోనే ఉన్నాదిగా. అది సూసుకుంటన్నాను" అనేది.

పన్నెండేళ్ళ కిందట మా ఆడపడుచు భర్త పోయాడు. ఆమెను మా ఇంటికి తెచ్చుకున్నాం. బండి దిగిన రోజు, పాత మాటలన్నీ అప్ప ఇప్పుడు తీస్తుందని ఎదురుచూశాను. అప్ప తీయలేదు. రెండో రోజు దొంతుల గది ముందు కూర్చుని ఆవాలు బాగు చేస్తూ, చేట ఒకటి ఆమె వైపు జరిపింది. "రాయి ఏరొదినా. నాకు కళ్ళు ఆనటం నేదు" అంది.

"ఆ గది సరుకు నాను ముట్టను. అప్పుడు నీకు సెప్పిన మాట ఇప్పుడు నాకు కూడా" అంది ఆడపడుచు.

అప్ప చేట తన వైపుకే జరుపుకుంది. "అయితే ఇక్కడ కూకుని కబుర్లు సెప్పు" అంది. ఆ రోజు నుంచి ఇద్దరూ అక్కడే. ఒకరు ఏరడం, ఒకరు గుమ్మానికి ఇవతల కూర్చుని మాట్లాడడం. ఆడపడుచు తన మాట మీద నిలబడింది. ఆవగింజ కూడా ముట్టలేదు. అన్నది అనడమే కాక తనకు వచ్చినప్పుడు కూడా మార్చుకోలేదు. అందుకు ఆమెను మెచ్చుకోక తప్పదు. కోపం కూడా అందుకే.

పోయిన ఫాల్గుణంలో అప్ప చివరి పసుపు వండింది. చేతులు వణుకుతున్నా నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. ఉడికిందో లేదో పుల్ల గుచ్చి చూసింది. తాటాకు చాపల మీద ఎండబెట్టి, రెండు కొమ్ములు తీసి ఒకదానితో ఒకటి కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని గణగణమన్నాక కుండలోకి ఎత్తింది. మూతికి గుడ్డ కట్టి మట్టి మెత్తుతూ, "ఇది గుంట పెల్లికి. ఇంక దేనికీ దీని మీద సెయ్యి ఎయ్యకండి" అంది. గుంట అంటే మా మనవరాలు. అప్పటికి ఇంకా సంబంధమే చూడలేదు. నేను టెక్కలి వెళ్ళి కుదుర్చుకుని వచ్చేసరికి, కబురు వినడానికి ఆమె లేదు.

కర్మ అయ్యాక ఆడపడుచు మొదలుపెట్టింది. ఇంటి ఆడపిల్ల పెళ్ళి ఏడాది లోపు చేయవచ్చని పురోహితుడు చెప్పాడు, దానికి ఆమె ఒప్పుకుంది. పసుపు దగ్గరే పట్టు పట్టింది. "తొలి పిల్ల పెల్లి. సచ్చిపోయిన మనిసి సేతిది, అందులోనూ అలాంటి సేతిది, పెల్లికూతురికి రాత్తారేటి? ఆ కుండ సముద్రంలో కలిపియ్యండి. నాను సోంపేట నుంచి తెప్పిత్తాను." తెప్పించింది కూడా. మా కోడలు, అంటే పెళ్ళికూతురి తల్లి, నా ముఖం చూసింది. ఆమె కూడా భయపడుతోంది. తల్లికి ఉండదా. నాకు మాత్రం లేదా. నా మనవరాలి పసుపుకుంకుమల మాట అది. మూడు రోజులు నాకు అన్నం సయించలేదు. ఒకవేళ, ఒకవేళ అని ఒకటే గోల బుర్రలో.

అయితే ఎంత ఆలోచించినా తిరిగి ఒకచోటికే వచ్చాను. ఆ కుండను సముద్రంలో కలిపితే, మందస నుంచి దుమ్ము కొట్టుకుని వచ్చిన మనిషినీ, నా అరికాళ్ళకు పసుపు రాసిన చేతులనూ అశుభమని నా నోటితో నేను ఒప్పుకున్నట్టే. ఆమె బతికున్నన్నాళ్ళూ వెనక వరసలో కూర్చోబెట్టింది ఊరు. పోయాక కూడా కూర్చోబెట్టడం నా వల్ల కాదు.

మొన్న పసుపు కొట్టే రోజు. పెరట్లో రోలు కడిగి ముగ్గు పెట్టాం. అయిదుగురు ముత్తయిదువలు పిలుపు మీద వచ్చారు. మట్టలు చూశాను. గాలి పడమటిది. లోపలికి పోయి అప్ప కుండ నేనే ఎత్తుకొచ్చి, మట్టి పగలగొట్టి గుడ్డ విప్పాను. పెరడంతా వాసన. వచ్చినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ రోకలి ముట్టలేదు. ఆడపడుచు సోంపేట మూట పట్టుకుని అరుగు దిగింది.

"ఏటిది మరదలా. నీకేటన్నా మతి పోయినాదా" అంది.

"పోనేదు వదినా. ఈ పసుపే కొడతాను."

"ఎవులు కొడతారు నీతో?"

"ఎవులూ రాపోతే నానొక్కదాన్నే కొడతాను." రోకలి అందుకున్నాను. "నాను ముత్తయిదువని కాదని ఎవులైనా అంటే అనండి. అదిగో, నీ తమ్ముడు."

నులకమంచం మీద నుంచి ఆయన తల ఎత్తాడు. "నన్నేటే సూపిత్తన్నావు, సంతలో ఎద్దులాగ" అన్నాడు. అందరూ ఒక్కసారి నవ్వారు. నేను రోకలి ఎత్తి వేశాను. రాయి మీద రాయి పడ్డట్టు మోగింది కొమ్ము. రెండో దెబ్బకు విరిగి, లోపలి రంగు బయటపడింది. గుడ్డు సొనలా ఉంది. మా కోడలు వచ్చి రెండో రోకలి అందుకుంది. తల వంచుకుని వేయడం మొదలుపెట్టింది. ఆ తరువాత పక్కింటి ఆవిడ చీర కుచ్చిళ్ళు దోపుకుంటూ, "ఇంత మంచి పసుపు సముద్రానికెందుకమ్మా" అంటూ వచ్చింది. ఒకావిడ పని ఉందని వెళ్ళిపోయింది. వెళ్ళనీ. మిగిలినవాళ్ళు చాలు. ఒకరు పాట ఎత్తుకున్నారు.

ఆడపడుచు మూట పట్టుకుని అలాగే నిలబడి ఉంది. నేను రోకలి ఆపి, "వదినా, రా. ఒక్క దెబ్బ ఎయ్యి" అన్నాను.

"నాను ముట్టను" అంది.

"సరే, అక్కడ కూకో."

రోటికి తూర్పున కొబ్బరి దుంగ మీద కూర్చుంది. మూట పక్కన పెట్టింది. దెబ్బ పడ్డప్పుడల్లా పొడి పొగలా లేచి ఆమె వైపే పోతోంది. తెల్లచీర మీద, నెరిసిన తల మీద సన్నగా వాలుతోంది. చూస్తుండగానే ఆమె పచ్చబడుతోంది. కోడలు గాభరా పడి, "పెద్దమ్మా, ఇటు జరగండి, బట్టలు పాడైపోతన్నాయి" అంది.

ఆమె జరగలేదు. దులుపుకోలేదు. ఒళ్ళో ఉన్న రెండు చేతులూ తిప్పి, అరచేతులు పైకి పెట్టుకుని కూర్చుంది.